మెథోట్రెక్సేట్: ఉపయోగాలు, మోతాదులు, దుష్ప్రభావాలు

మెథోట్రెక్సేట్ ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన నిర్మాణంతో ఉండి, ఆ విటమిన్ పనినే అడ్డుకునే మందు. పాత పుస్తకాల్లో దీని పేరు అమెథాప్టెరిన్. క్యాన్సర్ వార్డులో దీన్ని గ్రాముల లెక్కన సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. కీళ్లవాతం ఓపీలో వారానికి ఒకసారి కొన్ని మిల్లీగ్రాముల మాత్రగా రాస్తారు. ప్రసూతి విభాగంలో గర్భాశయం బయట నిలిచిన గర్భానికి కండలోకి ఇంజెక్షన్ చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఇది క్యాన్సర్ మందుల కిందా, కీళ్ల వ్యాధుల మందుల కిందా కనిపిస్తుంది. మోతాదు, మార్గం, వ్యవధి అనే మూడింటిలో ఏ ఒక్కటి మారినా ఇది వేరే మందులా ప్రవర్తిస్తుంది. నర్సింగ్ ఔషధశాస్త్రంలో దీన్ని విడిగా, వివరంగా చదవవలసి రావడానికి కారణం అదే.

స్వరూపం, లభించే రూపాలు

ఇది పసుపు, నారింజ రంగుల మధ్య ఉండే స్ఫటికపు పొడి. ఇంజెక్షన్ ద్రావణమూ పసుపుగానే ఉంటుంది, దాన్ని వెలుతురు తగలకుండా భద్రపరచాలి. భారత మార్కెట్‌లో 2.5 మి.గ్రా. మొదలుకొని 15 మి.గ్రా. వరకు వేర్వేరు బలాల మాత్రలు దొరుకుతాయి. ఇంజెక్షన్‌ను నరంలోకి, కండలోకి, చర్మం కిందికి, వెన్నులోని ద్రవంలోకి ఇవ్వవచ్చు. అయితే నిల్వకారక రసాయనం కలిపిన వయల్‌ను వెన్నులోకి ఎన్నడూ వాడకూడదు. అందులోని బెంజైల్ ఆల్కహాల్ నాడీమండలానికి హాని చేస్తుంది.

చరిత్ర

ఈ మందు కథకు ఒక కొస బొంబాయిలో, మరో కొస భీమవరంలో ఉంది. 1920ల చివర్లో బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఒక తరహా తీవ్ర రక్తహీనతను గమనించారు. ఈస్టు సారంతో అది నయమవుతున్నదని చూపించారు. ఆ సారంలో ఉన్న పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు పాలకూర నుంచి దాన్ని వేరుచేశారు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి 1923లో అమెరికా చేరారు. ఆయన సోదరుడు ఉష్ణమండల స్ప్రూ వ్యాధితో మరణించారు. ఆ వ్యాధిలో పేగు పోషకాలను సరిగా పీల్చుకోలేదు, ఫోలేట్ లోపం అందులో ప్రధాన లక్షణం. హార్వర్డ్‌లో సుదీర్ఘ పరిశోధన తర్వాత సుబ్బారావు 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1940ల మధ్యలో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ అణువు చేతికి వచ్చాక, దాన్ని కొద్దిగా మార్చి దాని పనికి అడ్డుపడే పదార్థాలను తయారుచేయడం సాధ్యమైంది. అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అలా పుట్టినవే.

బోస్టన్ బాలల ఆసుపత్రిలో పనిచేసే సిడ్నీ ఫార్బర్ లెడర్లీ పంపిన అమినోప్టెరిన్‌ను ల్యూకీమియా ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో ప్రచురించిన నివేదికలో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా మెరుగైందని రాశారు. అంతవరకు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు వైద్యం చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సకు తొలి దారి వేసిన వారిలో ఒక తెలుగువాడు ఉన్నాడన్న సంగతి మన నర్సింగ్ పాఠాల్లో ఇంకా గట్టిగా వినిపించాలి.

అమినోప్టెరిన్ కంటే మెథోట్రెక్సేట్‌ను అదుపులో పెట్టుకోవడం తేలికని తేలడంతో క్రమంగా అదే నిలబడింది. 1953లో అమెరికా ఔషధ సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. 1951లో జేన్ రైట్ బృందం గడ్డలుగా పెరిగే క్యాన్సర్లపైనా ఇది పనిచేస్తుందని చూపింది. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్‌లు మాయ కణజాలం నుంచి పుట్టే కోరియోకార్సినోమాను ఈ మందుతో అణచగలిగారు. ఒక్క మందుతో పూర్తిగా నయమైన తొలి గడ్డ క్యాన్సర్‌గా వైద్య చరిత్ర దాన్ని గుర్తుంచుకుంది. గడ్డ కనిపించకపోయినా మూత్రంలో హెచ్‌సీజీ హార్మోన్ పూర్తిగా పోయేదాకా మందు ఆపకూడదన్నది లీ పట్టుదల. ఆ జబ్బు చికిత్సలో నేటికీ పాటిస్తున్న పద్ధతి అదే.

సోరియాసిస్, కీళ్లవాతాల్లో తక్కువ మోతాదు వాడకానికి బీజం కూడా 1951లోనే పడింది. 1970ల మొదట్లో సోరియాసిస్‌కు, 1988లో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు అమెరికాలో అనుమతి లభించింది.

పనిచేసే తీరు

కణం విభజన చెందాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి. డీఎన్‌ఏ తయారీకి ఫోలేట్ క్రియాశీల రూపంలో ఉండాలి. ఆ రూపంలోకి మార్చే ఎంజైమ్ డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. మెథోట్రెక్సేట్ ఈ ఎంజైమ్‌కు ఫోలేట్ కంటే ఎన్నో రెట్లు గట్టిగా అతుక్కుని దాన్ని స్తంభింపజేస్తుంది. కీలకమైన ముడిసరుకు అందక విభజన ఆగిపోతుంది. వేగంగా విభజన చెందే కణాలే ముందుగా దెబ్బతింటాయి. క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జ, నోటి పొర, పేగు పొర, జుట్టు కుదుళ్లు, గర్భస్థ పిండం కూడా ఈ కోవలోకే వస్తాయి. దుష్ప్రభావాల పట్టికను బట్టీ పట్టనక్కర్లేదు. ఏ కణాలు ముందు దెబ్బతింటాయో అర్థమైతే అందులో చాలా భాగం దానంతటదే గుర్తుంటుంది.

కీళ్లవాతంలో వాడే చిన్న మోతాదు మాత్రం ముఖ్యంగా మరో దారిలో పనిచేస్తుంది. అక్కడ అడినోసిన్ అనే పదార్థం పెరిగి వాపును, రోగనిరోధక కణాల దూకుడును తగ్గిస్తుంది. అందుకే ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది. మొదటి నెలలోనే నొప్పి తగ్గలేదని మందు మానేసే రోగికి నర్సు ఈ సంగతి చెప్పగలగాలి.

శరీరంలో ప్రయాణం

నోటి ద్వారా తీసుకున్న మందు ఒక్కో మనిషిలో ఒక్కోలా ఒంటపడుతుంది. వారానికి 15 మి.గ్రా. దాటాక పేగు పీల్చుకునే శక్తి మందగిస్తుంది. మాత్రలు పెంచినా గుణం కనిపించని రోగికి చర్మం కింద ఇంజెక్షన్‌గా మార్చడానికి కారణం ఇదే. రక్తంలో సుమారు సగం మందు ప్రొటీన్లకు అతుక్కుని ఉంటుంది. కణాల లోపలికి చేరిన భాగం పాలీగ్లుటమేట్ రూపంలోకి మారి చాలా రోజులు అక్కడే నిలుస్తుంది. వారానికి ఒక్కసారి సరిపోవడానికీ, పొరపాటున రోజూ వేసుకుంటే విషం పేరుకుపోవడానికీ మూలం ఇక్కడే ఉంది.

మందులో అత్యధిక భాగం మార్పు లేకుండా మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. కాబట్టి క్రియాటినిన్ పెరిగిన రోగిలో మామూలు మోతాదే అధిక మోతాదు అవుతుంది. పొట్టలోగానీ ఊపిరితిత్తుల చుట్టూగానీ నీరు చేరిన రోగిలో మందు ఆ నీటిలో దాక్కుని, నెమ్మదిగా రక్తంలోకి తిరిగి వస్తూ రోజుల తరబడి హాని చేస్తుంది. వీలైతే ఆ నీటిని ముందే తీసివేస్తారు.

ఉపయోగాలు, మోతాదులు

*కీళ్లవాతం, సోరియాసిస్.* పెద్దలకు సాధారణంగా వారానికి ఒకసారి 7.5 నుంచి 15 మి.గ్రా.తో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 20 నుంచి 25 మి.గ్రా. వరకు పెంచుతారు. దీనితో పాటు ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. మన దగ్గర ఎక్కువగా 5 మి.గ్రా. మాత్రను మెథోట్రెక్సేట్ వేసుకోని రోజుల్లో వేసుకోమంటారు. నోటి పూత, వికారం, కాలేయ ఎంజైమ్‌ల పెరుగుదల దీనివల్ల తగ్గుతాయి.

*పిల్లల ల్యూకీమియా.* తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యూకీమియా నిర్వహణ దశలో వారానికి ఒకసారి చదరపు మీటరుకు 20 మి.గ్రా. నోటి ద్వారా ఇస్తారు. శరీర ఉపరితల వైశాల్యం లెక్కకు మోస్టెల్లర్ సూత్రం వాడతారు. ఎత్తును సెంటీమీటర్లలో, బరువును కిలోల్లో తీసుకుని గుణించి, 3600తో భాగించి, వర్గమూలం కట్టాలి. 110 సెం.మీ. ఎత్తు, 18 కిలోల బరువు ఉన్న పిల్లవాడికి వైశాల్యం 0.74 చదరపు మీటర్లు. వారపు మోతాదు 14.8 మి.గ్రా., సుమారుగా చూస్తే 2.5 మి.గ్రా. మాత్రలు ఆరు. అదే పిల్లవాడికి చదరపు మీటరుకు 5 గ్రాముల అధిక మోతాదు రాస్తే 3,700 మి.గ్రా. ఎక్కించాలి. ఒకే కేస్ షీట్‌లో, ఒకే మందు పేరు పక్కన ఈ రెండు అంకెలూ వేర్వేరు నెలల్లో కనిపించవచ్చు. రెండూ సరైనవే. ఏది ఏ దశకు చెందిందో ప్రొటోకాల్‌తో సరిచూడకుండా సిరంజి పట్టుకోకూడదు.

*అధిక మోతాదు.* చదరపు మీటరుకు 500 మి.గ్రా. దాటితే అధిక మోతాదు అంటారు. ఎముక క్యాన్సర్ అయిన ఆస్టియోసార్కోమాలో ఇది 8 నుంచి 12 గ్రాముల దాకా వెళుతుంది. విరుగుడు సిద్ధంగా లేకుండా ఈ మోతాదు ఇవ్వడం ప్రాణాంతకం (చూ. విరుగుడు మందులు). మందుకు కొన్ని గంటల ముందు నుంచే రోజుకు చదరపు మీటరుకు 2.5 నుంచి 3.5 లీటర్ల చొప్పున ద్రవాలు ఎక్కిస్తారు. సోడియం బైకార్బొనేట్‌తో మూత్రం పీహెచ్ 7 లేదా అంతకు పైన ఉంచుతారు. ఆమ్ల మూత్రంలో మందు స్ఫటికాలుగా మారి కిడ్నీ నాళికలను మూసేస్తుంది. మూత్రం పోసిన ప్రతిసారీ పీహెచ్ పట్టీ ముంచి చూడటం, ఎక్కినదీ పోయినదీ లెక్క రాయడం, రోజూ బరువు తూయడం నర్సు పనులు. ఈ మూడింటిలో తేడా వచ్చిందంటే రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా డాక్టరుకు చెప్పాలి.

*వెన్నులోకి.* మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఇచ్చే మోతాదును వైశాల్యంతో కాక వయసుతో లెక్కిస్తారు. ఏడాదిలోపు పిల్లలకు 6 మి.గ్రా., ఏడాది నిండినవారికి 8, రెండేళ్లు నిండినవారికి 10, మూడేళ్లు నిండినవారికి 12, తొమ్మిదేళ్లు పైబడినవారికి 12 నుంచి 15 మి.గ్రా. ఇస్తారు. ల్యూకీమియా పిల్లలకు నరంలోకి ఇవ్వాల్సిన విన్‌క్రిస్టిన్ పొరపాటున వెన్నులోకి వెళ్లి మరణాలు సంభవించాయి. అందుకే విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలో కాక చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో హెచ్చరించింది. ఆ రెండు మందులనూ ఒకే ట్రేలో పెట్టరాదు.

*గర్భ సంబంధ వ్యాధులు.* గర్భాశయం బయట నిలిచిన గర్భం పగలకుండా, రోగి నాడి, బీపీ నిలకడగా ఉంటే చదరపు మీటరుకు 50 మి.గ్రా. ఒక్క డోసు కండలోకి ఇస్తారు. నాలుగో రోజు, ఏడో రోజు హెచ్‌సీజీ చూస్తారు. ఆ రెండింటి మధ్య కనీసం 15% తగ్గకపోతే రెండో డోసు ఆలోచిస్తారు. ఈ సమయంలో ఫోలిక్ ఆమ్లం ఆపాలి. కీళ్లవాతం రోగికి తప్పనిసరైన మాత్ర ఇక్కడ మందు పనిని చెడగొడుతుంది. పొట్టలో నొప్పి పెరిగినా, కళ్లు తిరిగినా గర్భం నిలిచిన నాళం పగిలిందేమోనని అనుమానించాలి.

దుష్ప్రభావాలు

వికారం, నోటి పూత, అలసట, జుట్టు పలచబడటం తరచుగా కనిపిస్తాయి. వీటిలో నోటి పూతను తేలికగా తీసుకోకూడదు. అది మజ్జ దెబ్బతింటోందనడానికి తొలి సూచన కావచ్చు. నోటి పూతతో పాటు జ్వరం ఉంటే ఆ రోజే రక్తకణాల పరీక్ష చేయించాలి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతే ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం రెండూ ప్రాణం మీదికి తెస్తాయి.

పొడి దగ్గు, ఆయాసం, జ్వరం కలిసి వస్తే మెథోట్రెక్సేట్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల వాపు అయి ఉండవచ్చు. ఇది చిన్న మోతాదులోనూ, చికిత్స మొదలైన ఏ నెలలోనైనా రావచ్చు. మందు వెంటనే ఆపాలి. దీర్ఘకాలం వాడినవారిలో కాలేయం గట్టిపడే ప్రమాదం ఉంది. మద్యం, ఊబకాయం, మధుమేహం దాన్ని పెంచుతాయి. అధిక మోతాదులోనూ వెన్నులోకి ఇచ్చినప్పుడూ మూర్ఛ, గందరగోళం, ఒక పక్క చచ్చుబడటం వంటి నాడీ లక్షణాలు కనిపించవచ్చు.

గర్భిణులకు క్యాన్సర్ కాని జబ్బుల్లో ఈ మందు పూర్తిగా నిషిద్ధం. పిండం చనిపోవచ్చు, లేదా పుర్రె, అవయవాల లోపాలతో బిడ్డ పుట్టవచ్చు. మందు ఆపాక స్త్రీలు 6 నెలలు, పురుషులు 3 నెలలు గర్భనిరోధం పాటించాలని అమెరికా ఔషధ లేబుల్ చెబుతుంది. పాలిచ్చే తల్లులు, తీవ్ర కాలేయ లేదా కిడ్నీ వ్యాధి ఉన్నవారు, మద్యానికి బానిసలైనవారు దీనికి దూరంగా ఉండాలి. బతికున్న సూక్ష్మక్రిములతో చేసిన టీకాల విషయంలో ముందుగా వైద్యుణ్ని అడగాలి.

ఇతర మందులతో ప్రతిచర్యలు

అన్నింటికంటే ప్రమాదకరమైన జత కో-ట్రైమోక్సజోల్. అదీ ఫోలేట్ దారినే అడ్డుకుంటుంది, కిడ్నీ నుంచి మెథోట్రెక్సేట్ పోవడాన్నీ తగ్గిస్తుంది. మూత్ర ఇన్‌ఫెక్షన్‌కు మందుల షాపులో కొనుక్కున్న కొద్దిరోజుల కోర్సు చాలు, రక్తకణాలు కుప్పకూలడానికి. నొప్పి మాత్రలు, ఆస్పిరిన్, పెన్సిలిన్ తరగతి మందులు, ప్రొబెనెసిడ్ కూడా మందును ఒంట్లో ఎక్కువసేపు నిలుపుతాయి. కీళ్లవాతం రోగులు చిన్న మోతాదుతో పాటు నొప్పి మాత్రలు వాడటం మామూలే, అక్కడ క్రమం తప్పని పరీక్షలు సరిపోతాయి. అధిక మోతాదు ఎక్కించే రోజుల్లో మాత్రం వాటినీ, ఒమెప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలనూ ఆపుతారు.

పరీక్షలు

మొదలుపెట్టే ముందు రక్తకణాలు, కాలేయ ఎంజైమ్‌లు, క్రియాటినిన్, హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే, సంతాన వయసు స్త్రీలకు గర్భ పరీక్ష చేయిస్తారు. చిన్న మోతాదు వాడేవారికి మొదటి మూడు నెలలు 2 నుంచి 4 వారాలకోసారి, ఆ తర్వాత మూడు నెలలు 8 నుంచి 12 వారాలకోసారి, ఆపైన 12 వారాలకోసారి రక్తపరీక్షలు అవసరం.

రోజువారీ, వారంవారీ పొరపాటు

మెథోట్రెక్సేట్ వల్ల జరిగే నివారించదగ్గ మరణాల్లో ముఖ్యమైన కారణం చాలా మామూలుది. వారానికి ఒకసారి వేసుకోవాల్సిన మాత్రను రోజూ వేసుకోవడం. డాక్టరు చీటీలో, ఫార్మసీ కవరు మీద, వార్డు డ్రగ్ చార్టులో, ఇంట్లో మందులిచ్చే మనవడి చేతిలో, ఎక్కడైనా ఈ తప్పు దొర్లవచ్చు. బీపీ మాత్ర, షుగరు మాత్ర రోజూ వేసుకునే పెద్దవాళ్లకు వారానికోసారి మాత్ర అనే ఊహే కొత్త. కొద్దిరోజులు వరసగా వేసుకుంటే చాలు, నోరంతా పుండ్లతో, రక్తకణాలు పడిపోయి ఆసుపత్రికి వస్తారు.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు తోడైంది. మెథోట్రెక్సేట్ బ్రాండు ఫోలిట్రాక్స్, ఫోలిక్ ఆమ్లం బ్రాండు ఫోల్వైట్. రెండూ ఒకే చీటీలో ఉంటాయి, రెండింటి పేరూ 'ఫోల్' తోనే మొదలవుతుంది. ఒకటి వారానికి ఒక్కరోజు, రెండోది మిగతా రోజుల్లో. తారుమారైతే రోగి విషాన్ని రోజూ మింగుతాడు, విటమిన్‌ను వారానికోసారి.

ఈ పొరపాటును ఆపడానికి దేశాలు వ్యవస్థలనే మార్చుకున్నాయి. అమెరికాలో సురక్షిత ఔషధ వాడకంపై పనిచేసే ఐఎస్‌ఎంపీ, ఆసుపత్రి కంప్యూటర్లలో నోటి మెథోట్రెక్సేట్‌కు 'వారానికి ఒకసారి' అన్నదే ముందుగా వచ్చేలా అమర్చాలని 2014లో సూచించింది. యూరప్ ఔషధ సంస్థ 2019లో ప్యాకింగ్‌పై స్పష్టమైన హెచ్చరికలు, రోగి వెంట ఉండే కార్డు తప్పనిసరి చేసింది. బ్రిటన్ 2020లో రోగితో మాట్లాడి వారంలో మందు వేసుకునే రోజును నిర్ణయించి, ఆ రోజు పేరును చీటీ మీద పూర్తిగా రాయాలని చెప్పింది.

విరుగుడు మందులు

ల్యూకోవొరిన్, అంటే ఫోలినిక్ ఆమ్లం, ఇప్పటికే క్రియాశీల రూపంలో ఉన్న ఫోలేట్. స్తంభించిన ఎంజైమ్‌తో పని లేకుండా నేరుగా కణాన్ని ఆదుకుంటుంది. మామూలు ఫోలిక్ ఆమ్లం ఆ పని చేయలేదు కాబట్టి అత్యవసరంలో ఒకదాని బదులు మరొకటి ఇవ్వకూడదు. అధిక మోతాదు ఇన్ఫ్యూజన్ మొదలైన 24 నుంచి 36 గంటల మధ్య దీన్ని మొదలుపెట్టి, సాధారణంగా 6 గంటలకోసారి ఇస్తారు. రక్తంలో మందు స్థాయి ప్రొటోకాల్ చెప్పిన సురక్షిత రేఖకు, చాలాచోట్ల 0.1 మైక్రోమోలార్‌కు, దిగువకు పడేదాకా కొనసాగిస్తారు. ఒక్క డోసు ఆలస్యమైనా కేస్ షీట్‌లో గంట రాసి తెలియజేయాలి. వాంతులున్న రోగికి నరంలోకే ఇవ్వాలి. ఇందులో కాల్షియం ఉంటుంది గనుక నిమిషానికి 160 మి.గ్రా. మించి ఎక్కించకూడదు. ల్యూకోవొరిన్‌ను వెన్నులోకి ఇవ్వడం ప్రాణాంతకం.

కిడ్నీలు పనిచేయక మందు బయటికి పోనప్పుడు గ్లూకార్పిడేజ్ అనే ఎంజైమ్‌ను కిలోకు 50 యూనిట్ల చొప్పున నరంలోకి ఒక్కసారి ఇస్తారు. అమెరికా దీన్ని 2012లో ఆమోదించింది. ఇది రక్తంలోని మెథోట్రెక్సేట్‌ను విరగ్గొడుతుంది గానీ కణాల లోపలికి చేరలేదు. కనుక ల్యూకోవొరిన్ ఆపకూడదు, రెండింటి మధ్య మాత్రం రెండు గంటల ఎడం పాటించాలి.

వార్డులో, ఇంటికి పంపేటప్పుడు

ఇది కణనాశక మందు. మాత్రను నలపరాదు, విరవరాదు. గర్భిణి అయిన సిబ్బంది దీన్ని ముట్టుకోకూడదు. ఇంజెక్షన్ కలిపేటప్పుడు చేతి తొడుగులు, గౌను తప్పనిసరి. మందు ఇచ్చాక కనీసం 48 గంటలు రోగి మలమూత్రాలనూ తొడుగులతోనే తీయాలి. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం దీని వ్యర్థాలు కణనాశక గుర్తు ఉన్న పసుపు సంచిలోకి వెళ్లాలి.

ఇంటికి పంపే రోగి దగ్గర చీటీ చదివి ఊరుకుంటే చాలదు. వారంలో ఏ రోజు వేసుకుంటారో రోగి నోటితోనే చెప్పించాలి. ఆ రోజు పేరు తెలుగులో పూర్తిగా, పెద్ద అక్షరాలతో మాత్రల పట్టీ మీదే రాయాలి. ఫోలిక్ ఆమ్లం పట్టీని వేరే కవరులో పెట్టాలి. నోరు పూసినా, జ్వరం వచ్చినా, పొడి దగ్గు పట్టినా తర్వాతి మాత్ర వేసుకోకుండా ఆసుపత్రికి రావాలని రోగికీ, ఇంట్లో మందులిచ్చే మనిషికీ చెప్పాలి. చదవడం రాని రోగి అయితే ఆ ఇంటి మనిషిని పిలిపించి మాట్లాడేవరకు డిశ్చార్జి కాగితం చేతికివ్వకండి.